శనివారం క్రౌన్ బార్ చూడ్డానికి వెళ్దాం

అందరికీ నమస్కారం! ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు బెల్‌ఫాస్ట్ గ్రేట్ విక్టోరియా స్ట్రీట్‌లోని క్రౌన్ బార్‌కి వెళ్తున్నాం. గుమ్మం ముందు నేల మీద మొజాయిక్ కిరీటం కనిపిస్తుంది, అక్కడే కలుద్దాం.

లోపల గ్యాస్ దీపాలు, రంగుల టైల్స్, నగిషీ చెక్కిన 10 చిన్న చెక్క గదులు ఉన్నాయి. ఒక్కో గదికి తలుపు, సర్వర్‌ని పిలవడానికి గంట, అగ్గిపుల్ల గీసుకోడానికి లోహపు రేకు! ఆ రేకు మాత్రం దగ్గరగా చూడండి, నాకు ప్రాణం. 1978లో నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) కొని కాపాడబట్టి ఇదంతా మిగిలింది.

తాగనివాళ్లూ రండి, కూల్‌డ్రింక్ చాలు. వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి.

మర్చిపోవద్దు: ఫోటోల్లో పక్కవాళ్ల మొహాలు పడకూడదు, ఫ్లాష్ వద్దు.