ఆ రాత్రి తలుపు తీసిన అన్నకి

నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే క్షమించండి. మా తమ్ముడు దొరికాడు. పక్క గదిలో పడుకున్నాడు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను.

వైఎంసీఏ (యువకుల క్రైస్తవ సంఘం) హాస్టల్లో రాత్రి డ్యూటీ చేసే అన్నా, పేరు రాయొద్దన్నారు, రాయను. పరీక్ష పోయిందని ఫోన్ ఆపేసి వెళ్ళిపోయిన పిల్లాడు మూడో రాత్రి వానలో తడిసి మీ మెట్ల మీద కూర్చుంటే, ఎవరు నువ్వని కూడా అడగలేదట. మీ తువ్వాలు ఇచ్చారట. మీ చార్జర్ వాడి ఫోన్‌కి పెట్టి, క్యారమ్స్ బోర్డు వేసి ఎదురుగా కూర్చున్నారట. రెండింటి దాకా ఆడి, అప్పుడు అన్నారట: "ఇంటికి వెళ్ళమనను. అక్కకి ఒక్క మెసేజ్ పెట్టు, చాలు."

2:17కి వచ్చింది. "అక్కా, ఉన్నాను."

నేను వాణ్ణి తిట్టాలనే వచ్చాను. "ఇప్పుడేం అడక్కమ్మా" అన్నారు మీరు. అంతే, మీ టేబుల్ దగ్గరే ఏడ్చేశాను. మీరు అటు తిరిగి రిజిస్టర్ రాసుకుంటూ కూర్చున్నారు. ఆ అటు తిరగడం నేను మర్చిపోలేను.

మేం క్రైస్తవులం కాదు. అక్కడ ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు కుర్రాడు, 22 ఏళ్ళవాడు, పని కోసం ఊరొదిలి వచ్చిన తనలాంటి వాళ్ళతో కలిసి ప్రార్థన కోసం మొదలుపెట్టిందట ఈ సంస్థ. తిరిగొచ్చేటప్పుడు దారంతా నోరు విప్పని తమ్ముడు ఉన్నట్టుండి, "అక్కా, బాస్కెట్‌బాల్ పుట్టింది వైఎంసీఏ వాళ్ళ స్కూల్లోనేనట, 1891లో. మొదట పళ్ళ బుట్టలు కట్టి ఆడారట. ఆ అన్న చెప్పాడు" అన్నాడు. నెలల తర్వాత వాడు వరసగా అన్ని మాటలు మాట్లాడటం అదే.

వాడు కనబడట్లేదని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వబోతే "మేజర్ కదా, రెండు రోజులు చూడండి" అని పంపేశారు. కాలేజీ నుంచి ఫీజు బాకీ మెసేజ్ ఆ రోజు కూడా వచ్చింది. మూడు వారాలుగా పిల్లాడు క్లాసుకి రావట్లేదని మాత్రం ఒక్క మెసేజ్ లేదు. ఎవరిని అడగాలి?

అమ్మ, నాన్న, బావగారు కాళ్ళరిగేలా తిరిగారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, రాత్రంతా ఫోటో షేర్ చేసిన నా ఆఫీసు వాళ్ళకీ, వాడి రూమ్మేట్‌కీ థాంక్స్. పొద్దున వాడికి పొడి చొక్కా ఇచ్చిన హాస్టల్ అబ్బాయికి కూడా.

అన్నా, మీ చార్జర్ వాడి బ్యాగులో వచ్చేసింది. ఆదివారం తనే తెచ్చిస్తానంటున్నాడు.