కుక్ దీవుల టూర్ ప్లాన్‌లో తప్పులపై ఫిర్యాదు

విషయం: తేదీలు, వీసా, లోపలి ప్రయాణాల ఏర్పాట్లు సరిచేయాలి, లేదా అడ్వాన్స్ వాపసు ఇవ్వాలి

టూర్స్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఆగస్టు యాత్రకు అడ్వాన్స్ కట్టించుకున్నాక మీరు పంపిన టూర్ ప్లాన్ క్షుణ్ణంగా చూశాం. దాని ప్రకారం వెళ్తే మొదటి రాత్రి బస ఉండదు, తిరుగు విమానం అందదు.

అసలు చిక్కంతా తేదీల దగ్గరుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కీ, కుక్ దీవుల్లో మేం దిగే ప్రధాన దీవి రరొటోంగాకీ మధ్య అంతర్జాతీయ దినరేఖ వస్తుంది, అంటే అది దాటితే తేదీ మారిపోతుంది. ఆగస్టులో రరొటోంగా గడియారం ఆక్లాండ్ కన్నా 22 గంటలు వెనక నడుస్తుంది. 8వ తేదీ శనివారం ఉదయం 9కి ఆక్లాండ్‌లో ఎక్కితే, సుమారు 4 గంటల ప్రయాణం తర్వాత దిగేది 7వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం 3కి. మీరు గదులు, ఎయిర్‌పోర్టు వ్యాను 8 నుంచి తీసుకున్నారు. దిగే తేదీ చూడకుండా ఎక్కే తేదీనే హోటల్‌కి ఇచ్చేసినట్టున్నారు.

తిరుగు ప్రయాణంలో ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది. 14 శుక్రవారం సాయంత్రం 4కి రరొటోంగాలో బయల్దేరితే ఆక్లాండ్ చేరేసరికి 15 శనివారం సాయంత్రం 6 అవుతుంది. మీరేమో 14 రాత్రి 11కి సింగపూర్ విమానం వేశారు. మేం ఆక్లాండ్‌లో దిగేటప్పటికి అది వెళ్లిపోయి 19 గంటలవుతుంది! గదులు 7 నుంచి 14 దాకా ఏడు రాత్రులకు మార్చండి, సింగపూర్ టికెట్లు 15 రాత్రికి జరపండి. ఎక్కే తేదీ, దిగే తేదీ రెండూ స్థానిక కాలంలో వేర్వేరుగా రాయండి.

వీసా సంగతి. వెళ్లేటప్పుడు ఆక్లాండ్ ఊళ్లో ఒక రాత్రి హోటల్ పెట్టి, న్యూజిలాండ్ ట్రాన్సిట్ వీసాకు మాత్రమే డబ్బు తీసుకున్నారు. ఆ వీసాతో ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ ఏరియా దాటి బయటికి రానివ్వరు. హోటల్‌కి వెళ్లాలంటే అందరికీ విజిటర్ వీసా కావాలి. దానికి వారాలు పట్టొచ్చు కాబట్టి దరఖాస్తులు ఇప్పుడే వేయాలి. పెద్దవాళ్లను రాత్రంతా ట్రాన్సిట్ కుర్చీల్లో కూర్చోబెట్టే ఏర్పాటుకు మేం ఒప్పుకోం.

ఇక 9వ తేదీ ఆదివారం "ఫెర్రీలో ఐటుటాకి, లగూన్ విహారం" అని రాశారు. ఐటుటాకి కుక్ దీవుల్లోనే మరో దీవి; లగూన్ అంటే పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఉండే లోతు తక్కువ నీళ్లు. రరొటోంగాకీ ఐటుటాకికీ మధ్య 200 కిలోమీటర్లకు పైగా నడిసముద్రం, రోజువారీ ఫెర్రీ అంటూ ఏదీ లేదు. జనం వెళ్లేది చిన్న విమానంలో, ముప్పావు గంట పడుతుంది. సీట్లు తక్కువ కనుక బృందానికంతటికీ ఒకేసారి దొరకాలంటే ముందే పట్టుకోవాలి. పైగా ఆదివారం అక్కడ చర్చి రోజు, విశ్రాంతి రోజు. లగూన్ బోట్లు చాలావరకు నడవవు, దుకాణాలు మూసి ఉంటాయి. ఆ కార్యక్రమాన్ని 11 మంగళవారానికి మార్చండి.

మమ్మల్ని నిజంగా భయపెట్టింది రరొటోంగాలోని అవావారోవా దగ్గర "గైడ్ లేకుండా స్నార్కెలింగ్" (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైభాగాన ఈదడం) అన్న మాట. అది పగడపు దిబ్బలో ఉన్న గండి. అలలు దిబ్బ మీదుగా లగూన్‌లోకి తోసిన నీరంతా బయటికి పోవడానికి దారి ఆ గండే. అలలు పెద్దవైనా, పోటు తగ్గుతున్నా అక్కడి ప్రవాహం మంచి ఈతగాణ్ణి కూడా సముద్రంలోకి లాగేస్తుంది. పైకి మాత్రం నీళ్లు నిమ్మళంగానే కనిపిస్తాయి. మా బృందంలో ఈత రానివాళ్లున్నారని ఫారంలో స్పష్టంగా రాశాం. ఆ అంశం తీసేసి, మురి లగూన్‌లో గండికి దూరంగా, లైఫ్ జాకెట్లతో, స్థానిక గైడ్ వెంట ఉండేలా పెట్టండి.

సవరించిన ప్లాన్, తేదీలున్న హోటల్ వోచర్లు ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో రాతపూర్వకంగా పంపాలి. మార్పులకయ్యే అదనపు ఖర్చు మీదే. కుదరదంటే రద్దు ఛార్జీలేవీ కోయకుండా అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇవ్వాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
కుక్ దీవుల యాత్ర బృంద సభ్యులు,
విజయవాడ

జతపరచినవి: అడ్వాన్స్ రసీదు, తప్పులు గుర్తించిన టూర్ ప్లాన్, విమాన టికెట్ల నకళ్లు