కుర్చీకి మిగిలిన రంగు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కలర్ ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, ఒక్క రంగు మాత్రం ఉంచుకోవడం ఎలాగో రాశారు. సాచురేషన్ (రంగుల గాఢత) సున్నాకి లాగి, కావలసిన చోట వేలితో రుద్దితే చాలన్నారు. తెనాలిలో నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని, చదివి ఊరుకోలేకపోయాను.

ఫోటోలు దిద్దే ఫోటోషాప్‌లో సాచురేషన్ సున్నా చేస్తే అచ్చమైన ఎరుపూ, అచ్చమైన ఆకుపచ్చా ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. ఎర్రచీరకి ఆకుపచ్చ అంచుంటే ఆ అంచు ఎక్కడుందో వెతుక్కోవాలి. అందులోనే 2007 నుంచీ దీనికోసమే 'బ్లాక్ అండ్ వైట్' అని ఒక సదుపాయం ఉంది. ఎరుపు ఎంత ముదరాలి, ఆకుపచ్చ ఎంత తేలాలి అన్నది దేనికది సర్దుకోవచ్చు. ఫిల్మ్ రోజుల్లో ఈ పని లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్ది. మబ్బులు తేలాలంటే పసుపు ఫిల్టర్ వేసేవాళ్లం. ఇక స్టూడియో బల్బుల కింద కుంకుమ బొట్టు వెలిసిపోయేది. ప్రింటు మీద సన్న కుంచెతో మేమే దిద్దేవాళ్లం.

ఒకచోటే రంగు ఉంచడమూ కొత్త కాదు. మగపెళ్లివారికి పంపే ఫోటో అంటే మెరుపు లేని మ్యాట్ ప్రింటు వేసి, అగ్గిపుల్లకి దూది చుట్టి, బుగ్గలకీ చీర అంచుకీ రంగు అద్దేవాణ్ని. అది చెడితే ఇంకో ప్రింటు. నెగటివ్ మా పెట్టెలోనే ఉండేది.

ఈమధ్య మా మేనకోడలి కూతురి పెళ్లి ఆల్బమ్ చూశాను. పెళ్లికూతురి ఎర్రచీర ఒక్కటే రంగులో ఉండాలని చేశారు. రంగు ఉండాల్సిన చోటికి చేత్తో హద్దు (మాస్క్) గీసే ఓపిక లేక, 'ఎరుపు మాత్రం ఉంచు' అని కంప్యూటర్‌కి వదిలేసినట్టున్నారు. దానికి పెళ్లికూతురెవరో, కుర్చీ ఏదో ఏం తెలుస్తుంది? పంతులు గారి వెనక ప్లాస్టిక్ కుర్చీ ఎర్రగా మెరిసిపోతోంది. తలంబ్రాల పసుపు పోయి, పిల్లలిద్దరూ పిడికెళ్లతో సిమెంటు పోసుకుంటున్నట్టుంది! చీర ఎరుపు పెళ్లికొడుకు తెల్లచొక్కా మీద కొంచెం పడుతుంది కదా, ఆ మెరుపు అక్కడక్కడా మిగిలి మరకల్లా కనిపిస్తోంది.

అదీ సరే అనుకుందాం. రంగు ఫోటోలు ఇవ్వమంటే 'ఎడిటింగ్ అయ్యాక కెమెరా కార్డు చెరిపేశాం' అన్నారట. పెన్‌డ్రైవ్‌లోనూ ఇవే ఉన్నాయి. బూడిదగా మార్చి సేవ్ చేసిన ఫోటోలో పాత రంగు ఎక్కడా దాగి ఉండదు. కాపీ తీసుకుని దాని మీద పని చేయండి, అసలుది ముట్టుకోకండి అని మీ వ్యాసంలో ఒక్క ముక్క రాయాల్సింది. దయచేసి వచ్చే వారమైనా వేయండి.

పెళ్లయిన మూడు నెలలకి పెళ్లికూతురి అమ్మమ్మ పోయింది. ఆవిడ బాగా నవ్విన ఫోటో ఆ ఆల్బమ్‌లో ఒక్కటే. ఎలాగైనా రంగు అద్దివ్వమని నా దగ్గరికి తెచ్చారు. చీర వంకాయ రంగని పెద్దకూతురు, కాదు నెమలికంఠమని చిన్నకూతురు. చుట్టాల ఫోన్లలో వెతికితే స్టేజీ లైట్లు పడి ఆవిడ చీర ఒకదాంట్లో గులాబీ, ఒకదాంట్లో నీలం. ప్రింటు వారం నుంచి నా బల్ల మీదే ఉంది. చర్మానికి రంగు వేశాను, బొట్టు పెట్టాను. చీర దగ్గర ఆగాను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్, తెనాలి