నాలుగొందల పప్పునూనె మూడొందలకు ఎలా వస్తోంది?

సంపాదకులు గారికి,

అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్లేలోగా రోడ్డుకి అటూ ఇటూ ‘గానుగ నూనె’ బోర్డులు బాగా పెరిగాయి. మంచిదేగా అనుకున్నాను, పోయిన నెల లెక్క చూసుకునే దాకా.

పప్పునూనె అంటే నువ్వుల నూనే కదా, 10 కిలోల నువ్వులు కొని గానుగకు పట్టుకెళ్లి, అయ్యే దాకా పక్కనే కూర్చున్నాను. ఎద్దు పోయి మోటారు వచ్చింది గానీ చెక్క రోకలి, రోలు అలాగే ఉన్నాయి. గానుగాయన మధ్యమధ్యలో గోరువెచ్చటి నీళ్లు చిలకరిస్తుంటే నలిగిన నువ్వులు ముద్దయి రోలు గోడకు అతుక్కున్నాయి, కాసేపటికి నడిమధ్య నూనె ఊరింది. చివరికి 4 కిలోల నూనె, నూనె తీయగా మిగిలిన తెలగపిండి ఐదున్నర కిలోలు చేతికొచ్చాయి. పిండి పిడికిట పడితే అరచెయ్యి జిడ్డయింది. మునగాకు వేసి వండుదామని మా ఆవిడ అందులో సగం ముందే దాచేసింది.

నువ్వులు కిలో రూ.180. ఆడించిన కూలికి పిండి ఖరీదు చెల్లు వేసుకున్నా నూనె కిలో రూ.450 పడింది. లీటరు నూనె కిలో తూగదు, 920 గ్రాములే. ఆ లెక్కన లీటరు రూ.414. అదే రోడ్డు మీద ఒక కొట్లో ‘అసలైన గానుగ పప్పునూనె’ లీటరు రూ.300! టోకున కొంటే నువ్వులు చౌకగా పడతాయంటారా? కిలో రూ.130కి దొరికినా లీటరుకి గింజలకే రూ.299 అవుతుంది. ఇక మిగిలిన ఒక్క రూపాయిలో కొట్టు అద్దె, కరెంటు, సీసా, లాభం అన్నీ సర్దుకుంటున్నాయన్నమాట.

ఫలానా నూనె కలుపుతున్నారని నేను అనలేను, అది పరీక్షలో తేలాల్సిందే. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, ఉబ్బు వ్యాధితో జనం చనిపోయాక, రాష్ట్రం మినహాయిస్తే తప్ప వంటనూనె ప్యాక్ చేయకుండా అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర డబ్బాలోంచి గరాటు పెట్టి సీసాలో పోసి ఇస్తుంటే ఎవరూ అడగడం లేదు. ఇంకో తమాషా ఉంది. నేతిలో వనస్పతి కలిపితే ఇట్టే దొరికిపోవాలని, పరీక్షలో సులువుగా తెలిసిపోయే నువ్వుల నూనె వనస్పతిలో కనీసం 5 శాతం ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. నేతికి కాపలా పెట్టిన ఆ నువ్వుల నూనెకే ఇప్పుడు కాపలా లేదు.

దీనివల్ల ముందు దెబ్బతినేది కళ్లముందు ఆడించి ఇచ్చే గానుగాయనే. అతను నిజం ధర చెబితే గిరాకీ పక్క కొట్టుకి పోతోంది. తన నూనె మంచిదని కాగితం చూపిద్దామన్నా చిన్నవాడు ల్యాబుల చుట్టూ ఎక్కడ తిరుగుతాడు? అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడో, మార్కెట్ యార్డులోనో కొద్దిపాటి రుసుముతో నూనె పరీక్షించే ఏర్పాటు చేస్తే కొబ్బరి నూనె తీసేవాళ్లకూ అక్కరకొస్తుంది. ఆహార భద్రత అధికారులు ఈ బోర్డులున్న ప్రతి కొట్లోనూ నమూనాలు తీసి, ఫలితాలు కొట్ల పేర్లతో సహా పత్రికల్లో వేయించాలి. ఊళ్లో అందరూ ఆవకాయకి పప్పునూనె కొనే రోజులు రాకముందే ఆ పని జరగాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబాజీపేట, కోనసీమ