నేలపట్టు యాత్రకు ముందు కెమెరాల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

జనవరి మూడో వారంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులను నేలపట్టు పక్షుల అభయారణ్యానికి, అక్కణ్ణుంచి పులికాట్ సరస్సుకు తీసుకెళ్తున్నాం. ఫోన్లు, కెమెరాలు తెచ్చుకోనిస్తున్నాం. చాలామంది చేతుల్లో ఉండేది మీ ఫోనే కాబట్టి, అది ఎలా వాడాలో మీకూ చెప్పాలి.

నేలపట్టు చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. ఈ నెలల్లో గుడ్లూ ఉంటాయి, పక్షిపిల్లలూ ఉంటాయి. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లకు ఒంటిమీద ఈకలుండవు. తల్లో తండ్రో ఎండకు అడ్డంగా నిలబడాల్సిందే. మనం దగ్గరికెళ్లి పెద్ద పక్షిని లేపితే పిల్ల ఎండకు వడలిపోతుంది, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఫొటో తీసినవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు, అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడాన్ని వేట కిందే లెక్కగడుతుంది. ఇంట్లో ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఈ మాట చెప్పండి.

ఎంత దూరంలో ఉండాలి? మీటర్లలో చెప్పలేం, పక్షిని చూసి తెలుసుకోవాలి. తింటున్నది ఆపి తలెత్తినా, కూర్చున్నది లేచి నిలబడినా, మెడ చాచి మన వైపే చూస్తున్నా అప్పటికే మనం ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. మెల్లగా వెనక్కి రావాలి. అది మళ్లీ తన పనిలో పడిన చోటే మనం నిలబడాల్సిన చోటు.

పులికాట్‌లో శ్రీహరికోట రోడ్డు మీది నుంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. రోడ్డు దిగి బురదలోకి ఎవరినీ వెళ్లనివ్వం. గుంపునంతా ఒక్కసారి ఎగరగొట్టి తీసిన ఫొటోలకు మెచ్చుకోళ్లు ఎక్కువ, అదే మా బాధ. ముక్కు తలకిందులుగా ముంచి నీళ్లు వడగట్టుకు తినే పక్షికి కడుపు నిండాలంటే చాలాసేపు పడుతుంది. లేపితే ఆ తిండీ పోతుంది, ఎగరడానికి ఒంట్లో సత్తువా ఖర్చవుతుంది. చప్పట్లు కొట్టినా, రాయి విసిరినా ఆ రోజుకు కెమెరా మా దగ్గరే ఉంటుంది. ఫోన్లో పక్షి కూతలు వినిపించి పిలవడం కూడా కుదరదు. తన చోటులోకి ఇంకో పక్షి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

ముందురోజు రాత్రే ఫోన్లో ఫ్లాష్, క్లిక్ శబ్దం ఆపేయండి. కెమెరా అయితే ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటు కూడా. ఫోన్ జూమ్ బాగా పెంచితే బొమ్మ మసకబారుతుంది, అందుకే పిల్లలు ముందుకు జరుగుతారు. దానికి బదులు బడి తెచ్చే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్ కంటి అద్దానికి ఫోన్ లెన్సు ఆనించి తీయడం నేర్పుతాం. ఒకవైపే నల్లటి నీడ వస్తే ఫోన్ నడిమధ్యన లేదని అర్థం, సరిచేసుకోవాలి. చుట్టూ నల్లటి వలయం వస్తే జూమ్ 2 దగ్గర పెడితే పోతుంది. తొమ్మిది దాటాక నీటి మీద వేడిగాలి ఆడుతుంది, దూరపు బొమ్మలు అలల్లా వణుకుతాయి. అందుకే బస్సు తెల్లవారుజామున నాలుగింటికే.

కెమెరా సెట్టింగుల్లో, తీసిన చోటును ఫొటోలో నమోదు చేసే లొకేషన్ కూడా ఆపండి. పక్షులకంటే మన పొలాల్లో కనిపించే నక్షత్ర తాబేలుకు ఇది మరీ ముఖ్యం. పెంపకానికి అమ్ముకోవడానికి వాటిని పట్టుకుపోయేవాళ్లున్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలోంచి ఆ వివరం తొలగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం తీసిన చోటుతో సహా వెళ్తుంది. ఊరి పేరు, చెరువు పేరు రాసి పెట్టినా అంతే.

ఫిబ్రవరి ఫొటో ప్రదర్శనకు గూటిని దగ్గరగా చూపే ఫొటోలు తీసుకోం, ఎంత బాగున్నా సరే. జూలో తీసినదైతే కింద ఆ మాట రాయాలి.

ఆకుపచ్చ, ఖాకీ, గోధుమరంగు బట్టలు వేసి పంపండి, తెలుపు, ఎరుపు వద్దు. సంతకం చేసిన అనుమతి పత్రం 10వ తేదీలోగా తరగతి ఉపాధ్యాయులకు చేరాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు