గిరిజన సంక్షేమ శాఖ కమిషనర్ గారికి: మార్లవాయి ఫోటోలు మార్లవాయికి చేరేదెప్పుడు?

సార్ నమస్తే,

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే లండన్ సోయాస్ యూనివర్సిటీ వాళ్ళ డిజిటల్ కలెక్షన్ దొరికింది, అందులో ఆదివాసుల మీద పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు చూస్తూ కూర్చుంటే తెల్లారిపోయింది. 1940లో కొమురం భీం చనిపోయాక గోండుల బాధలేంటో చూసి చెప్పమని నిజాం సర్కారు పంపిన మనిషే కదా ఆయన, ఆసిఫాబాద్ జిల్లాలోని గోండు గూడెం మార్లవాయిలోనే కొన్నాళ్ళు ఉన్నాడు, ఆయన భార్య బెట్టీ సమాధి కూడా అక్కడే ఉంది. ఆమె వర్ధంతికి లీడర్లు, ఆఫీసర్లు వస్తారు, దండలేసి వెళ్ళిపోతారు. (ఫోటోలు దిగడం మాత్రం మర్చిపోరు.)

మా బాధేంటంటే, ఆ ఫోటోల వివరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, గూడెంలో పిల్లలకి ఏం అర్థమవుతాయి చెప్పండి? ఆ యూనివర్సిటీతో మాట్లాడి కాపీలు తెప్పించి తెలుగులో, గోండిలో పేర్లు రాయించండి, గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లోకి వచ్చేసింది కాబట్టి టైపింగ్ కుదరదనే సాకు కూడా లేదు. ఇంకోటి, కింగ్రి అనే తీగల వాద్యం వాయిస్తూ గోండు దేవతల కథలు పాడే పర్ధాన్ పెద్దలు ముసలోళ్ళైపోతున్నారు, వాళ్ళ పాటలు రికార్డు చేయించండి, దానికి ఎవరినీ లండన్ నుంచి రప్పించక్కర్లేదు, ఒక మంచి మైకు, గోండి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు చాలు. కేస్లాపూర్ నాగోబా జాతరకి పర్ధాన్లు ఎలాగూ వస్తారు, ఈసారి అక్కడే మొదలుపెట్టించండి సార్.