మన సహవాసం వార్షిక నివేదిక (2024–25), విజయవాడ

అధ్యక్షులు గారికి, సంఘ పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పని మీ ముందు పెడుతున్నాను. మన ఉద్దేశాలు మీకు తెలిసినవే కాబట్టి మళ్ళీ రాయడం లేదు. ఈ ఏడాది మిగతా పనులన్నీ ఒక ఎత్తు, బుడమేరు వాగు వరద తర్వాత చేసిన పని ఒక ఎత్తు. దాని గురించే ఎక్కువ రాస్తున్నాను, మన్నించాలి.

సెప్టెంబరు 1 ఆదివారం. ఆ ఉదయం ఆరాధనకు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు నుంచి ఒక్క కుటుంబం కూడా రాలేదు. వాన వల్ల ఆగిపోయారనుకున్నాం. మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నీళ్ళు గుమ్మం దాటాయని ఒకరు, మంచం మునిగిందని ఒకరు, పక్కింటి మేడ ఎక్కామని ఇంకొకరు. చీకటి పడ్డాక ఛార్జింగ్ అయిపోయి ఆ ఫోన్లు కూడా ఆగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. అటు కృష్ణ అలా ఉంటే, ఇటు బుడమేరు మళ్ళింపు కాలువ గట్టు తెగి ఊరి మీదికి వచ్చింది. గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ అయింది.

ఆ వారం రోజులు పులిహోర పొట్లాలు, పాలు, నీళ్ళ సీసాలు ఫ్లైఓవర్ దాకా మోసుకెళ్ళి పడవల వాళ్ళకు అందించాం. ఊరంతా చేసిన పనే అది, మనం ప్రత్యేకంగా చెప్పుకోవలసింది లేదు. నీళ్ళు తీశాక జరిగినది మాత్రం చెప్పాలి.

రాజరాజేశ్వరిపేటలో ఒక పెద్దావిడ ఇంటికి మన కుర్రాళ్ళు ముగ్గురు, మన నర్సు అక్క వెళ్ళారు. పారలు, గమేళాలు, బ్లీచింగ్ డబ్బా అన్నీ సిద్ధం. గోడ మీద ఛాతీ ఎత్తున నీటి చార. దండెం మీద రేషన్ కార్డు, కొడుకు పెళ్ళి ఫొటో, ఇంటి కాగితాలు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి. ఆవిడ గడప మీద కూర్చుని, ఉబ్బిపోయిన బైబిలులో పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెడుతోంది. కుర్రాళ్ళు పార ఎత్తగానే, "బురద ఎక్కడికీ పోదు నాయనా, ముందు కాసేపు కూర్చోండి" అంది.

ఇంకా నాలుగు ఇళ్ళు ఉన్నాయి. ఒక తమ్ముడు గడియారం చూసుకున్నాడు. అక్క కళ్ళతోనే కూర్చోమని చెప్పింది. బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నారు. ఆ రాత్రి మేడ మీద వానలో ఎలా గడిచిందో ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు. గంట గడిచాక తనే లేచి చీపురు అందుకుంది.

ఆ సాయంత్రం నుంచి మన పద్ధతి మారింది. ఏ ఇంటికి వెళ్ళినా, వెళ్ళినవాళ్ళలో ఒకరు పార ముట్టుకోరు. ఇంటివాళ్ళ పక్కన కూర్చోవడమే వాళ్ళ పని. ఈ సంవత్సరం మన సహవాసం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గర్వంగా ఉన్నది ఇదే. దీనికి పూర్తి ఘనత నర్సు అక్కదే. పేరు రాయవద్దని ఆమె కోరారు కాబట్టి రాయడం లేదు.

దసరా దాటాక కూడా ఆ పేటల్లో పిల్లలు మబ్బు పడితే స్కూలుకు వెళ్ళం అని ఏడ్చేవారు. పెద్దవాళ్ళు రాత్రి రెండింటికి లేచి గుమ్మం బయట నేల తడిసిందేమో చూసుకునేవారు. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్ నీళ్ళపాలైంది, వాయిదా మాత్రం ఆగలేదు. అందుకే అక్టోబరు నుంచి బుధవారం సాయంత్రం కూడిక మొదలుపెట్టాం. అక్కడ ప్రసంగం ఉండదు. ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, తర్వాత ఎవరి టెన్షన్ వాళ్ళు చెప్పుకోవడం. విన్న మాట గది దాటదు. ఈ నియమాన్ని అందరూ నిలబెట్టినందుకు దేవునికి స్తోత్రం.

ఈ కూడిక మీద ఒక విమర్శ వచ్చింది కాబట్టి జవాబు చెప్పాలి. విశ్వాసి దిగులుపడటం ఏమిటి, ప్రార్థన చేస్తే చాలదా, డాక్టరు పేరు ఎందుకు ఎత్తుతున్నారు అని ఇద్దరు పెద్దలు అడిగారు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి చూపించి తినమన్నాడు. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. మనం కూడా నిద్ర పట్టని మనిషిని ముందు భోజనం చేశావా అని అడుగుదాం. అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళదాం. మాత్ర వేసుకున్నంత మాత్రాన విశ్వాసం తగ్గిపోదు. మనసు బాగోనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 మన బోర్డు మీద రాయించాం. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. దయచేసి మీ ఫోన్లలో ఎక్కించుకోండి.

ఇంటర్ పరీక్షల ముందు తల్లిదండ్రులతో ఒక సాయంత్రం కూర్చున్నాం. పిల్లల కంటే వీళ్ళకే ఎక్కువ భయంగా ఉందని తెలిసింది. గుణదల మాత ఉత్సవాలకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఎప్పటిలాగే మంచినీళ్ళు, మజ్జిగ ఇచ్చాం. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచాం.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలి. గుండిగలు, గరిటెలు అద్దె లేకుండా ఇచ్చిన షామియానా అన్నకు, వారం పాటు డీజిల్ డబ్బులు కూడా తీసుకోని ఆటో తమ్ముళ్ళకు, తెల్లవారుజామున 3 గంటలకు లేచి చింతపండు పిసికిన స్త్రీల సమాజానికి, పారలు అరువిచ్చి బురదతో తిరిగొచ్చినా ఏమీ అనని మేస్త్రీ గారికి, మా పొట్లాలు తమ పడవలో వేసుకెళ్ళిన మసీదు కుర్రాళ్ళకు, గుడి దగ్గర వంటకు చోటిచ్చిన వీధి పెద్దలకు. తన ఇంట్లో నడుము లోతు నీళ్ళున్నా పక్క వీధికి పాలు పంచిన మన యూత్ తమ్ముడికి అందరి తరఫున వందనాలు.

ఇక బాధ కలిగించిన మాట. మన వాట్సాప్ గ్రూపులో పిలుపు పెడితే ఆమెన్ అని రాసేవారు అరవైమంది. పొద్దున్నే గేటు దగ్గర కనిపించేది ఆ ఎనిమిదిమందే. నవంబరులో వాళ్ళలో ఇద్దరికి జ్వరం, ఒకరికి బీపీ వచ్చి పడిపోయారు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తుంటే, నువ్వూ ఈ జనమూ కూడా నలిగిపోతారని మామ యిత్రో చెప్పాడు. వెయ్యిమందికి, వందమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టమన్నాడు. మన దగ్గర పదిమందికి ఒకరు దొరికినా చాలు. నెలకు ఒక్క బుధవారం, రెండు గంటలు. అంతకు మించి ఎవరినీ అడగడం లేదు.

ఆసుపత్రిలో రోగుల సహాయకులు వరండాలో నేల మీద పడుకుంటున్నారని, వాళ్ళకు సాయంత్రం గంజి పోసి కాసేపు మాట్లాడటానికి అనుమతి కోరుతూ ఒక కార్యాలయం చుట్టూ ఐదుసార్లు తిరిగాం. దరఖాస్తు దొరకడం లేదు, ఇంకొకటి ఇవ్వమన్నారు. ఇచ్చాం. జవాబు లేదు. గంజి కాచడానికి మనుషులు ఉన్నారు, గిన్నెలు ఉన్నాయి. ఒక్క సంతకం కోసం ఆగిపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. వరద చందాలు వరదకే ఖర్చయ్యాయి, రసీదులన్నీ ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. సభ్యత్వ రుసుము బాకీలు మాత్రం దయచేసి ఈ రోజే కట్టండి.

వచ్చే వానాకాలంలోపు రాజరాజేశ్వరిపేటలో రెండో కూడిక మొదలుపెట్టాలని కమిటీ తీర్మానించింది. చోటు ఆ పెద్దావిడ ఇస్తానన్నారు. గోడ మీద నీటి చారకు ఇంకా సున్నం వేయించలేదు. చాపలు కావాలి, బుధవారాలకు మనుషులు కావాలి. పేర్లు రాయడానికి నోటుబుక్కు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాను.

ఇట్లు
మీ కార్యదర్శి
విజయవాడ